420 అంటే ఏంటి? టోపీ ముందా, డబ్బు ముందా?

ముందు ఒకటి తేల్చేద్దాం. 420 అంటే గంజాయి కాదు. మోసానికి శిక్ష చెప్పిన పాత ఇండియన్ పీనల్ కోడ్‌లో సెక్షన్ నంబరు.

ప్రతి ఏప్రిల్ 20కీ (అమెరికావాళ్ళు రాసే పద్ధతిలో 4/20) ఇదే గోల. బెంగళూరు కోరమంగళ కేఫుల్లో గంజాయి ఆకు బొమ్మ టీషర్టులు, ఇన్‌స్టాలో ‘హ్యాపీ ఫోర్ ట్వంటీ’ స్టేటస్‌లు. పెట్టేది ఎవరయ్యా అంటే గుంటూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటున్న మన పిల్లలే. ఆ షర్టు వేసుకుని పండక్కి ఊరెళ్తే వాళ్ళ నాన్న ఏమంటాడు? “ఏరా, మోసగాణ్ణని ఛాతీ మీద రాయించుకుని తిరుగుతున్నావా?” అంటాడు. నా ఓటు నాన్నకే.

ఆ గంజాయి కథ అమెరికాది. 1971లో, కాలిఫోర్నియాలో, శాన్ రఫేల్ హైస్కూలు కుర్రాళ్ళు ఐదుగురు. ఎక్కడో ఎవరో పెంచి వదిలేసిన గంజాయి మొక్కలున్నాయని తెలిసి, వెతకడానికి సాయంత్రం 4:20కి స్కూల్లో లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలుసుకునేవాళ్ళు. ఆ టైమే వాళ్ళ కోడ్ మాట అయింది. అంతే కథ. అప్పటికి మన 420కి నూటపదేళ్ళు దాటాయి. మన దేశంలో గంజాయికి సెక్షను కావాలంటే 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో చూడండి, సెక్షన్ 20. ఇరవై కలిసింది, నాలుగొందలు కలవలేదు.

ఇది చిన్న చిరాకు. నాతో ఈ వీడియో చేయించిన పెద్ద చిరాకు వేరే ఉంది.

ఇల్లు ఖాళీ చేస్తుంటే ఓనరు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకుంటాడు. బెంగళూరులో ఇది తెలియనివాళ్ళు లేరు. వెంటనే మనవాడు “వాడొట్టి ఫోర్ ట్వంటీ గాడు, 420 కేసు పెట్టొచ్చా?” అంటాడు. అప్పు ఎగ్గొట్టిన ఫ్రెండు 420. ప్రేమించి వేరే పెళ్ళి చేసుకున్నవాడు 420. ఎలక్షన్లో హామీ ఇచ్చి మర్చిపోయినవాడు 420. తిట్టడానికి వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు, తిట్టు మీద జీఎస్టీ లేదు. కానీ స్టేషన్‌కెళ్ళి “420 పెట్టండి సార్” అని కూర్చున్నప్పుడు ఆ నంబరు లోపల ఏముందో తెలియకపోతే, అక్కడ కంప్లైంటు రాసుకునే రైటర్ మీ ముఖం చూసి “సివిల్ మ్యాటర్, కోర్టుకి వెళ్ళండి” అంటాడు. మీరు బయటికొచ్చి “వాడూ వాడూ కలిసిపోయారు” అంటారు. ఒక్కోసారి నిజంగానే కలిసిపోతారు, నేను కాదనను. కానీ ఒక్కోసారి ఆయన చెప్పిందే రైటు.

సరే, మొదలుపెడదాం. నంబరు రాకముందు మనకి మోసానికి మాటల్లేవా? బోలెడు. టోపీ పెట్టాడు. ఇంకాస్త కడుపు మండితే కుచ్చుటోపీ పెట్టాడు. పంగనామాలు పెట్టాడు. శఠగోపం పెట్టాడు. చెవిలో పువ్వు పెట్టాడు.

(తెరమీద: ఒక తల బొమ్మ. టోపీ, నామం, శఠగోపం, పువ్వు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చుంటాయి.)

ఏమైనా కనిపించిందా? అన్నీ తలకే! కాలికి పెట్టే మోసం లేదు, చేతికి తొడిగే మోసం లేదు. ఇక్కడి కన్నడవాళ్ళనీ అడగండి. ‘టోపి హాకిద’ అంటారు, ‘నామ హాకిద’ అంటారు. చెన్నై వెళ్తే అక్కడా నామమే, ‘నామం పోట్టుట్టాన్’. మోసానికి ‘హల్వా ఇచ్చాడు’ అని కూడా అంటారు, ఆ ఒక్కటే వాళ్ళు చేతికిస్తారు. దక్షిణాది మొత్తం ఒక తీర్మానం చేసినట్టుంది, మోసం జరిగేది తలకి అని.

వీటిలో నాకిష్టమైంది శఠగోపం. వైష్ణవ దేవాలయాల్లో తలమీద పెడతారు కదా, పైన స్వామి పాదాలుంటాయి. నమ్మాళ్వార్‌కి శఠకోపుడని ఇంకో పేరు, ఆ పేరే దానికొచ్చింది. అది పెట్టేటప్పుడు మనం ఏం చేస్తాం? తల వంచుతాం, కళ్ళు మూసుకుంటాం, ఇంకో చేత్తో జేబులోంచి పది రూపాయలు తీసి పళ్ళెంలో వేస్తాం. మన చేత్తో, మన ఇష్టంతో. అర్చకులవారిని అనడం లేదు, ఆయనకి నమస్కారం. నేనడిగేది మీరు ఆ వరస ఒక్కటి పట్టుకోమని. ముందు తలమీద ఒకటి కూర్చుంటుంది, తర్వాత చెయ్యి జేబులోకి వెళ్తుంది.

420 సెక్షన్ అంటే ఇదే వరస. ఇండియన్ పీనల్ కోడ్, 1860. (దీని బదులు ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది, కొత్త నంబర్లు ఆఖర్లో చెప్తా. అప్పటిదాకా పాత నంబర్లతోనే మాట్లాడుకుందాం.) మోసం అంటే ఏంటో 415లో రాశారు. దానికి మామూలు శిక్ష 417లో, ఏడాది దాకా జైలు. ఆ మోసం వల్ల అవతలివాడు తన ఆస్తిని తన చేత్తో తీసి ఇచ్చేలా చేస్తే, అది 420. ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా అదనం. 415 టోపీ. 420 టోపీ ప్లస్ జేబు. టోపీ ముందు, డబ్బు తర్వాత. ఈ వరస తిరగబడితే 420 లేదు.

దొంగతనానికీ దీనికీ తేడా కూడా అక్కడే ఉంది. దొంగ మీ జేబులో వాడి చెయ్యి పెడతాడు. 420 గాడు మీ జేబులో మీ చెయ్యే పెట్టిస్తాడు. యూపీఐ పిన్ మీరే కొట్టారు గుర్తుందా? అదీ.

ఇప్పుడు బెంగళూరు ఉదాహరణకి వద్దాం. బెళ్ళందూరులో ఒక టూ బీహెచ్‌కే అనుకోండి. అద్దె 25 వేలు. మన ఊరి ఆచారం ప్రకారం పది నెలల అడ్వాన్సు, అంటే రెండున్నర లక్షలు. ఈ ఒక్క ఇంటితోనే మొత్తం చట్టం చెప్పేస్తాను చూడండి.

ఒకాయన తాళం తీసి ఇల్లు చూపించాడు. “నాదే ఇల్లు, టోకెన్ ఇవాళ వేస్తే రేటు ఇదే, రేపైతే చెప్పలేను” అన్నాడు. మీరు వేశారు. తర్వాత తెలిసింది, ఆయన పోయిన నెల ఖాళీ చేసిన అద్దెదారు, తాళం ఒక కాపీ దగ్గరుంచుకున్నాడు. టోపీ ముందా, డబ్బు ముందా? టోపీ ముందు. అచ్చమైన 420. పైగా తను కానివాడిగా చెప్పుకున్నాడు కాబట్టి 419 కూడా పడుతుంది, వేషం మార్చి మోసం చేయడం.

రెండోది. ఓనరు నిజమైన ఓనరే. అడ్వాన్సు తీసుకున్నాడు, ఒకటో తారీఖు తాళం ఇస్తానన్నాడు, ఇద్దామనే అనుకున్నాడు. ఇరవయ్యో తారీఖు వాళ్ళమ్మాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నానని ఫోన్ చేసింది. ఇల్లు ఇవ్వనన్నాడు. అడ్వాన్సు అడిగితే “వాడేశానండీ, వచ్చే నెల చూద్దాం” అంటున్నాడు. మీకు ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా. కానీ డబ్బు తీసుకున్న రోజు ఆయన చేతిలో టోపీ లేదు. మనసు తర్వాత మారింది. ఇది 420 కాదు. లాయర్ నోటీసు, సివిల్ దావా.

ఇక్కడే కామెంట్లలో నన్ను తిడతారని తెలుసు. “నువ్వు ఓనర్ల సైడా?” అని. బాబూ, నేనూ అద్దెకే ఉంటున్నా. ఈ తేడా నేను పుట్టించింది కాదు, 415 కిందే ఒక ఉదాహరణ అచ్చువేసి ఉంది. అదే నాకు ఈ మొత్తం సబ్జెక్టులో మహా ఇష్టమైన ముక్క.

ఆ ఉదాహరణ నీలిమందు మీద, అంటే బట్టలకి నీలం రంగు తీసే మొక్క మీద. ఒకడు ఇంత నీలిమందు పంట తెచ్చిస్తానని చెప్పి అడ్వాన్సు తీసుకుంటాడు. తీసుకునేటప్పుడే ఇచ్చే ఉద్దేశం లేకపోతే మోసం. తీసుకునేటప్పుడు ఇచ్చే ఉద్దేశం ఉండి, తర్వాత మాట తప్పితే మోసం కాదు, ఒప్పందం తప్పినందుకు సివిల్ కేసు మాత్రమే. చూశారా? పంట తీసేసి ఇల్లు పెట్టండి, రైతుని తీసేసి బెళ్ళందూరు ఓనర్ని పెట్టండి. అడ్వాన్సు మాత్రం అప్పుడూ అడ్వాన్సే.

ఎందుకు నీలిమందే అంటే, ఆ రోజుల్లో అదే పెద్ద వ్యాపారం. బెంగాల్‌లో తెల్లదొరలు రైతులకి ముందుగా డబ్బిచ్చి పంట కట్టుబాటు చేయించుకునేవాళ్ళు. మన కడప, నెల్లూరు వైపు కూడా నీలిమందు పండేది. ఈ చట్టం మొదటి ముసాయిదా రాసింది మెకాలే. అవును, ఆ మెకాలేనే, మన ఇంగ్లీషు చదువుల మెకాలే. 1834లో మద్రాసులో ఓడ దిగి, గవర్నర్ జనరల్ బెంటింక్‌ని కలవడానికి పల్లకీలో మన బెంగళూరు మీదుగానే ఊటీకి పోయాడు. 1837లో ముసాయిదా అందించాడు. అది ఇరవై ఏళ్ళకు పైగా ఫైళ్ళలో నిద్రపోయి, దిద్దుబాట్లు జరిగి, 1860 అక్టోబరులో చట్టమైంది. మెకాలే అంతకుముందు ఏడాది డిసెంబరులోనే పోయాడు, చూడలేదు. అమల్లోకి వచ్చింది 1862 జనవరి 1న. ఆయన చదువుల గురించి మీరు ఎన్ని తిట్లయినా తిట్టండి, ఆ ఉదాహరణలు రాసే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చుతుంది. సూత్రం చెప్పి ఊరుకోకుండా, కింద కథ చెప్తారు.

ఇంకా ఉన్నాయి కథలు. ఒకడు సివిల్ సర్వీసు అధికారినని చెప్పి దుకాణంలో సరుకు అప్పుకి పట్టుకుపోతాడు, డబ్బిచ్చే ఉద్దేశం లేదు. మోసం. ఒకడు వజ్రాలు కావని తెలిసీ వజ్రాలని చెప్పి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. మోసం. ఒకడు ఆస్తి ఒకరికి అమ్మేసి, ఆ సంగతి చెప్పకుండా మళ్ళీ ఇంకొకరికి అమ్మి డబ్బు తీసుకుంటాడు. మోసం. ఇదంతా 1860లో అచ్చయింది గురూ. వైట్‌ఫీల్డ్ అవతల సైటు కొన్నవాళ్ళని అడగండి, నిన్న మొన్నటి కథలా చెప్తారు.

ఇంటికి తిరిగొద్దాం. మూడో రకం. నిజమైన ఓనరే, కానీ ఆ ఇంటికి అదే వారం నలుగురి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. “ఇచ్చే ఉద్దేశం ఉండేదండీ” అంటే ఎవరికిచ్చే ఉద్దేశం? ఉద్దేశం మనిషి లోపల ఉంటుంది, ఎక్స్‌రేలో కనబడదు. కాబట్టి చుట్టూ జరిగినవి చూసి తేలుస్తారు. ఒక ఇల్లు, నాలుగు రసీదులు. రెండో రసీదు రాసేటప్పటికే టోపీ చేతిలో ఉంది.

నాలుగోది, బెంగళూరు స్పెషల్. లీజు. బయటి ఊళ్ళవాళ్ళకి ఒక్క ముక్క. ఇక్కడ నెలనెలా అద్దె లేకుండా ఒకేసారి పదో పదిహేనో లక్షలు ఇచ్చి ఉండొచ్చు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కిస్తారు. వినడానికి స్వర్గం. మధ్యలో ఒకడు వస్తాడు. అసలు ఓనరు దగ్గర నెల అద్దెకి తీసుకుంటాడు. మీకు అదే ఇల్లు లీజుకి అని పదిహేను లక్షలకి ఇస్తాడు. ఓనరుకి కొన్ని నెలలు అద్దె కడతాడు, తర్వాత మాయం. ఒక ఆదివారం ఓనరు తలుపు కొట్టి “మీరెవరు? అద్దె ఏది?” అంటాడు. ఇక్కడ టోపీ ఎక్కడుంది? ‘లీజుకిచ్చే హక్కు నాకుంది’ అన్న మాటలో. డబ్బు ఆ మాట విన్నాకే వెళ్ళింది. 420. అన్నిటికంటే దుర్మార్గమైనది కూడా ఇదే అంటాను నేను, ఎందుకంటే పోయేది ఒక కుటుంబం పదేళ్ళు దాచుకున్న మొత్తం.

అబద్ధం చెప్పకపోయినా టోపీ పెట్టొచ్చు, అది మర్చిపోకండి. ఫ్లాటు బ్యాంకు తాకట్టులో ఉంది, వేలానికి వస్తోంది, ఓనరుకి తెలుసు. మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. 415 కింద వివరణ ఒకటుంది. దురుద్దేశంతో నిజాన్ని దాచడం కూడా మోసగించడమే. నోరు మూసుకుని కూడా టోపీ పెట్టొచ్చన్నమాట.

ఇక ఆ పెయింటింగ్ గొడవ. మీరు మూడేళ్ళ కింద అడ్వాన్సు ఇచ్చారు, ఆయన ఇల్లిచ్చాడు, మీరున్నారు. ఇప్పుడు గోడలకి రంగు పేరుతో కోసుకుంటున్నాడు. అగ్రిమెంట్‌లో రాసుంటే ఏడవడం తప్ప చేసేదేం లేదు, రాయకపోతే పోట్లాడండి. కానీ 420 కాదు. పీనాసితనానికి పీనల్ కోడ్‌లో సెక్షన్ లేదు.

టైమ్ చూస్తే ఇప్పటికే చాలా అయింది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్ మెయింటెనెన్స్ డబ్బు తినేశాడు. ఇదేంటి? మీరు నమ్మి సరిగ్గానే అప్పజెప్పారు, ఆయన తర్వాత వాడేసుకున్నాడు. టోపీ తర్వాత వచ్చింది. అది 420 కాదు, నమ్మకద్రోహం, 406. ఈ రెండింటినీ కలిపి ‘406, 420’ అని జంటగా ఎఫ్‌ఐఆర్‌లో కొట్టేయడం స్టేషన్లలో అలవాటు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ రేస్‌క్లబ్ కేసులో దీనిమీద గట్టిగానే అక్షింతలు వేసింది. ఒకే సంగతి మీద రెండూ కలిసి నిలవవు, ఇన్నేళ్ళయినా ఈ తేడా పట్టుకోలేకపోతున్నారు, పోలీసులకి శిక్షణ ఇవ్వండి అని. తీసుకునేటప్పుడే దురుద్దేశం ఉండాలన్నది కొత్త మాటేం కాదు. 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులోనూ అదే చెప్పారు.

నంబరు తిట్టు ఎలా అయిందంటారా? చీటింగ్ కంప్లైంటు ఏదొచ్చినా కాగితం మీద పడేది ఆ నంబరే. కోర్టు గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళ నోట్లో అది పేరైపోయింది. 1955లో రాజ్ కపూర్ ‘శ్రీ 420’ అని సినిమా తీశాడంటే అప్పటికే టికెట్ కొనేవాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదన్నమాట. ముందు ‘శ్రీ’ తగిలించడం చూడండి, పెద్దమనిషి వేషానికి అంతకంటే మంచి టోపీ ఉంటుందా! హిందీలో చార్ సౌ బీస్, తెలుగులో ఫోర్ ట్వంటీ. సెక్షన్ నంబరు మామూలు మాటైపోవడం మనకి కొత్త కాదు, ‘ఊళ్ళో 144 పెట్టారు’ అంటాం కదా. అది పీనల్ కోడ్ కాదు, వేరే చట్టం, ఆ గొడవ ఇంకోసారి.

నైజీరియాలో ఇదే పనికి 419 అంటారు. లాటరీ తగిలింది, యువరాజు డబ్బు పంపుతున్నాడు అని మెయిళ్ళు వచ్చేవి చూడండి, అవి ‘ఫోర్ వన్ నైన్’. అక్కడి క్రిమినల్ కోడ్‌లో సెక్షన్ నంబరది. మన చట్టంతో సంబంధం లేదు, పక్కపక్క నంబర్లు పడటం కాకతాళీయం.

ఇక అందరూ అడిగేది. 420 పోయిందటగా? పోయింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత. అందులో ఉన్నవే 358 సెక్షన్లు, 420 దాకా లెక్కే వెళ్ళదు. మోసం ఇప్పుడు 318. పాత 420 కాస్తా 318లో నాలుగో సబ్‌సెక్షన్. శిక్ష అదే ఏడేళ్ళు. మామూలు మోసానికి ఏడాది ఉండేది మూడేళ్ళు చేశారు. వేషం మార్చి మోసం 319, మూడేళ్ళు కాస్తా ఐదేళ్ళయింది. నమ్మకద్రోహం 316. తమాషా ఏంటంటే పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో, సింగపూర్‌లో, మలేషియాలో ఇప్పటికీ 420 చీటింగే, అన్నీ అదే 1860 కోడ్ పిల్లలు. తిట్టు పుట్టిన మన ఊళ్ళో మాత్రం సెక్షన్ లేదు. ‘వాడొట్టి మూడొందల పద్దెనిమిది సబ్‌సెక్షన్ నాలుగు గాడు’ అని ఎవడైనా తిట్టగలడా? తిట్టేలోపు వాడు బస్సెక్కి వెళ్ళిపోతాడు.

అయితే 2024 జులైకి ముందు జరిగిన మోసాలకి పాత చట్టమే వర్తిస్తుంది. మీది 2023 నాటి లీజైతే మీ కాగితం మీద 420 అనే ఉంటుంది, కంగారుపడకండి.

ఆఖరుగా, కంప్లైంటు రాసేటప్పుడు ఒక్క పని చేయండి. “నన్ను మోసం చేశాడు” అని నాలుగు పేజీలు రాయకండి. డబ్బు ఇవ్వకముందు వాడు ఏం చెప్పాడు, ఆ రోజుకే అది అబద్ధమని ఎలా తెలుస్తుంది, ఆ మాట నమ్మి ఏ తేదీన ఎంత ఇచ్చారు. ఈ వరసలో రాయండి. వాట్సాప్ చాట్లు డిలీట్ చేయకండి, డబ్బు పంపిన రోజుకి ముందువి మరీ ముఖ్యం. ఆన్‌లైన్లో పోయిన డబ్బైతే ఇవన్నీ రాస్తూ కూర్చోవద్దు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, డబ్బు ఇంకా ఏదో అకౌంట్లో ఆగి ఉంటే అక్కడే ఫ్రీజ్ చేయించే అవకాశం ఉంటుంది. నంబరు కింద డిస్క్రిప్షన్లో పెడుతున్నా.